ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) మెడికల్ ఫారంలో పాత మందుల సంగతి రాయాలా? రాస్తే ఎంతవరకు?

దేవరకొండ పీడీ:
జూనియర్ కాలేజీ పిల్లల తరఫున అడుగుతున్న. ఎస్‌ఎస్‌బీ (సైన్యం ఆఫీసర్ ఎంపిక ఇంటర్వ్యూ) దాటి మెడికల్‌కు పోవాల్సిన వాళ్లలో చిన్నప్పుడు ఇన్‌హేలర్ వాడినోళ్లున్నరు, మొటిమలకు గోలీలు మింగినోళ్లున్నరు, ఇంటర్ పరీక్షలప్పుడు నిద్ర పట్టక డాక్టర్ రాసిచ్చిన మందు కొన్నాళ్లు వేసుకున్నోళ్లున్నరు. కోచింగ్‌ల ఒకరు "నోరు మెదపొద్దు" అంటరు, ఇంకొకరు "పుట్టినప్పటి నుంచి వేసుకున్న ప్రతి గోలీ రాయాలె" అంటరు. ఫారంల అసలు ఏమడుగుతరు? తెలిసినోళ్లు వివరంగ చెప్పండి.

ఏఎంసీ రిటైర్డ్, తిరుమలగిరి:
ఆఫీసర్ ఎంట్రీకి స్పెషల్ మెడికల్ బోర్డు (అభ్యర్థులను పరీక్షించే సైనిక డాక్టర్ల బృందం) వాడేది ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-2 ఫారం. అందులో పర్సనల్ స్టేట్‌మెంట్ అభ్యర్థే నింపి సంతకం పెట్టాలి. "ఇదివరకు ఏ మందులు వాడావు" అని జాబితా అడిగే గడి అందులో లేదు. అడిగేది జబ్బుల గురించి. ఆస్తమా, బ్రాంకైటిస్, ప్లూరసీ, టీబీ, కీళ్లవాతం, మాటిమాటికి గొంతునొప్పి, కిడ్నీ ఇబ్బంది, కామెర్లు, ప్రయాణంలో వాంతులు, రేచీకటి, కంటికి లేసర్, చెవి కారడం, సైనస్, మానసిక జబ్బు, ఫిట్స్, స్పృహ తప్పడం, తలకు పెద్ద దెబ్బ... ఇట్లా వరుసగా ఉంటాయి. ఆ తర్వాత ఎప్పుడైనా ఆస్పత్రిలో చేరావా, ఆపరేషన్ అయ్యిందా, ఎన్ని రోజులున్నావు అని. ఇంట్లో బీపీ, షుగర్, గుండె జబ్బు, మానసిక జబ్బు ఎవరికైనా ఉందా అని. ఇంతకు ముందు సైన్యం మెడికల్‌లో అన్‌ఫిట్ అయ్యావా అని. చివర్లో ఆరోగ్యం గురించి ఇంకేమైనా చెప్పేదుందా అని ఒక ఖాళీ.

అంటే లెక్కలోకి వచ్చేది గోలీ పేరు కాదు, ఆ గోలీ ఏ జబ్బుకు రాశారన్నది. జ్వరానికి వేసుకున్న పారాసెటమాల్, పంటికి వాడిన అమాక్సిసిలిన్ ఎవరూ అడగరు. ఐదు రోజులు మింగినా సరే, ఫిట్స్ మందు అయితే అడుగుతారు.

కొత్త కుర్రాడు, వాడపల్లి:
అన్నా, ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర వేసుకున్న మందుకు చీటీ లేదు, బిల్లు లేదు. వాళ్లకెట్ల తెలుస్తది? ఎందుకు నెత్తి మీదికి తెచ్చుకునుడు?

మందుల షాపు, మిర్యాలగూడ:
తమ్మీ, ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు పిల్లలు చెయ్యాల్సింది ఇంట్లో ఉన్న పాత చీటీలు, డిశ్చార్జి కార్డులు, వాడి పారేయని స్ట్రిప్పులు బయటికి తీసి, ఏ మందు ఏ జబ్బుదో తెలుసుకోవడం. చీటీ మీద జబ్బు పేరు చాలాసార్లు రాయరు. చదివే డాక్టర్ మందును బట్టే జబ్బును ఊహిస్తాడు. అక్కడ పొరపాటు పడే మందులు కొన్ని చెప్తా.

మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్ కలిసిన గోలీ. తుమ్ములకు, ముక్కు కారితే వారం పది రోజులు రాస్తారు. ఆస్తమాకూ ఇదే మాంటెలుకాస్ట్. ఒంటరిగా ఇదొక్కటే ఉంటే జలుబు కింద పోతుంది. పక్కన బుడెసొనైడ్ ఇన్‌హేలరో, ఆయాసానికి వాడే సాల్‌బుటమాలో ఉంటే కథ మారుతుంది.

అమిట్రిప్టిలిన్ 10 ఎంజీ. డిప్రెషన్ మందుగా పేరున్నా, ఇంత చిన్న డోసులో ఎక్కువగా తలనొప్పికే రాస్తారు. ప్రొప్రనొలాల్ కూడా అంతే, మైగ్రేన్‌కు, చేతుల వణుకుకు, కంగారుకు మూడింటికీ వాడతారు. సోడియం వాల్‌ప్రోయేట్ ఫిట్స్‌కూ మైగ్రేన్‌కూ రెండింటికీ ఉంది. లెవెటిరాసెటమ్ బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లకు ఫిట్స్ రాకుండా ముందుజాగ్రత్తగా ఏడు రోజులు ఇస్తారు. అది మింగినంత మాత్రాన మూర్ఛరోగి కాడు. కానీ ఆ మాట చెప్పే కాగితం ఉండాలి. పక్క తడిపే పిల్లలకు ఇమిప్రమిన్ రాస్తారు. అదీ డిప్రెషన్ మందే.

అన్నిటికంటే ఎక్కువ మంది తేలిగ్గా తీసుకునేది పెన్సిలిన్ సూది. బెంజథిన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్లు, 21 రోజులకోసారి, ఏళ్ల తరబడి. "కీళ్లనొప్పులకు సూదులు వేయించినం" అంటారు ఇంట్లో. అది రుమాటిక్ జ్వరానికి. గుండె కవాటం మీద ప్రభావం పడకుండా వేసేది. ఆ సూదులు పడ్డ పిల్లాడు మెడికల్‌కు పోకముందే ఎకో (గుండె స్కానింగ్) తీయించుకోవాలి.

పాలమూరు జనరల్ మెడిసిన్:
పై సమాచారం సరైనదే. ఏ జబ్బుకు బోర్డు ఎట్లా చూస్తుందో చెప్తాను. యూపీఎస్సీ నోటిఫికేషన్ చివర అనుబంధాల్లో త్రివిధ దళాల ప్రమాణాలు ఉంటాయి. ఎవరూ చదవరు గానీ అసలు సరుకంతా అక్కడే ఉంది. ఎయిర్‌ఫోర్స్ భాగం అన్నిటికంటే విడమరిచి రాసి ఉంటుంది.

ఫిట్స్: ఐదేళ్లు దాటాక ఫిట్స్ వస్తే అన్‌ఫిట్. పసితనంలో జ్వరంతో వచ్చినవి, నరాల లోపం ఏమీ మిగలకపోతే, అడ్డు కావు. అందుకే తల్లిని "ఫిట్స్ వచ్చాయా" అని అడిగి ఊరుకుంటే లాభం లేదు. ఏ వయసులో, ఒంటి మీద జ్వరం ఉందా, ఎన్నిసార్లు, మందు ఎన్నాళ్లు అని నాలుగూ అడిగి రాసుకోవాలి. "చిన్నప్పుడు ఫిట్స్" అని రెండు ముక్కలు రాస్తే చదివేవాళ్లకు ఏ వయసో తెలియదు, బిడ్డకే నష్టం.

మైగ్రేన్: డాక్టర్ దగ్గరికి పోవాల్సినంత తీవ్రమైన మైగ్రేన్ చరిత్ర ఉంటే సాధారణంగా తిరస్కరిస్తారు. కళ్ల ముందు మెరుపులు, చూపు మసకబారడంతో వచ్చింది ఒక్కసారైనా సరే అడ్డంకే. ఇక్కడ తమాషా ఏమిటంటే, ఎండాకాలం ప్రాక్టీసులో నీళ్లు తాగక వచ్చిన తలనొప్పికి కూడా కొందరు "మైగ్రేన్" అని చీటీ మీద రాసేస్తారు. అలాంటి అనుమానం ఉంటే న్యూరాలజిస్టుకు చూపించి సరైన పేరు రాయించుకోవాలి. నిజంగా మైగ్రేన్ అయితే ఆ పేరు మార్చమని ఏ డాక్టర్‌నూ బతిమాలొద్దు.

ఆస్తమా, దమ్ము: మళ్లీ మళ్లీ ఆయాసం, పిల్లికూతలు వచ్చిన చరిత్ర ఉంటే అన్‌ఫిట్. మూడేళ్ల వయసులో వైరల్ జలుబుతో ఒకసారి నెబులైజర్ పెట్టడం వేరు, తొమ్మిదో తరగతి దాకా ప్రతి చలికాలం ఇన్‌హేలర్ వాడటం వేరు. రెండోది ఊపిరితిత్తుల పరీక్షలో తేలవచ్చు, తేలకపోవచ్చు. తేలకపోయినా ఆస్తమా ఆస్తమానే.

టీబీ: ఎయిర్‌ఫోర్స్ ప్రమాణాల ప్రకారం జబ్బు గుర్తించి, చికిత్స పూర్తయి రెండేళ్లు దాటి, ఊపిరితిత్తిలో చెప్పుకోదగ్గ మచ్చ మిగలకపోతే తీసుకోవచ్చు. అయితే సీటీ, బ్రాంకోస్కోపీ వంటి అదనపు పరీక్షలు చేస్తారు. ఆరు నెలల కోర్సు, అంటే మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు, పూర్తి చేసినట్టు కార్డు ఉండాలి. మధ్యలో మానేసి మళ్లీ మొదలుపెడితే ఆ రెండో కోర్సు ముగిసిన తేదీ నుంచి లెక్క.

మానసిక జబ్బు: నోటిఫికేషన్ భాష కఠినంగా ఉంటుంది. మానసిక జబ్బు ఉన్నా, గతంలో ఉన్నా తిరస్కరణకు కారణమే. మత్తు అలవాటు కూడా అంతే. పీడీ గారు అడిగిన నిద్ర మందు విషయానికొస్తే, నిద్రకు క్లొనజిపామ్ నాలుగు రోజులు రాయడం ఒక సంగతి, డిప్రెషన్‌కు, కంగారుకు రాసే ఎస్సిటాలోప్రామ్ ఆరు నెలలు వాడటం ఇంకో సంగతి. రెండోదాని వెనక ఒక రోగనిర్ధారణ తప్పక ఉంటుంది. రాసిన డాక్టర్ దగ్గరికే పోయి ఏ జబ్బని రాశారు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపారు, ఇప్పుడెలా ఉంది అని ఒక పేజీ ఉత్తరం తీసుకోవాలి.

కొత్త కుర్రాడు, వాడపల్లి:
ఇవన్నీ రాస్తే ఎట్లాగూ పోతది కద డాక్టర్ సాబ్. చెప్పకుంటే సగం ఛాన్సన్నా ఉంటది.

ఏఎంసీ రిటైర్డ్, తిరుమలగిరి:
కాగితం లేకపోయినా ఒళ్లు చెప్తుంది తమ్మీ. బోర్డులో రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగ్ అందరికీ ఉంటాయి. కామెర్లకు చేతి మీద కాల్పించుకున్న వాత కనబడితే ఏ డాక్టరైనా "ఇదేంది" అని అడుగుతాడు. తామరకు స్టెరాయిడ్ కలిసిన ట్యూబు నెలల తరబడి రుద్దితే తొడల మూలల్లో చారలు పడతాయి, ఒళ్లంతా చూసే పరీక్షలో అవి దాగవు. ఛాతీ ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ అసలే దాగదు.

కాగితాలు కూడా నువ్వనుకున్నంత తక్కువేం లేవు. టీబీ మందు సర్కారు దవాఖానలో తీసుకుంటే సర్కారు టీబీ రికార్డు నిక్షయ్‌లో నంబరు పడుతుంది, పోషణ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయితే ఆ కేసు వివరాలన్నీ ట్రస్టు దగ్గర ఉంటాయి. ఆ పథకం 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. అంటే ఇప్పుడు ఎన్‌డీఏ వయసులో ఉన్న పాలమూరు పిల్లలు పుట్టేనాటికే అది ఉంది.

వీటన్నిటినీ బోర్డు వెతుకుతుందని అనను. మామూలుగా వెతకదు. అసలు దెబ్బ తగిలేది ఎన్‌డీఏ శిక్షణ జరిగే ఖడక్‌వాస్లాలో. దుమ్ములో పరుగులు, వానలో క్యాంపులు, నిద్ర తక్కువ. దాచిన ఆస్తమా, దాచిన ఫిట్స్ బయటపడేవి అట్లాంటి చోటే. అప్పుడు మిలిటరీ ఆస్పత్రిలో మొదటి ప్రశ్న "ఇంతకు ముందు ఎప్పుడైనా వచ్చిందా" అనే.

లాయర్, నల్లగొండ:
చట్టం వైపు నుంచి ఒక మాట. ఆ స్టేట్‌మెంట్ కింద సంతకం పెట్టేది పైన రాసినవన్నీ నిజమని. తెలిసి దాచినట్టు తేలితే ఎంపిక రద్దు చేయడానికి, శిక్షణలో ఉంటే బయటికి పంపడానికి అదొక్కటే చాలు.

కొందరు 2013 నాటి ధరమ్‌వీర్ సింగ్ తీర్పు చూపించి "చేరేటప్పుడు నోట్ లేకపోతే జబ్బు సర్వీసులోనే వచ్చినట్టు లెక్క, కాబట్టి రాయకపోతేనే లాభం" అని తిప్పి చెప్తుంటారు. అది 1985లో చేరి, 1994లో ఫిట్స్ కారణంగా ఇంటికి పంపబడ్డ జవాను పెన్షన్ కేసు. 1982 నిబంధనల మీద వచ్చిన తీర్పు. ఆ తర్వాత 2008లోనూ, 2023లోనూ నిబంధనలు మారాయి. పైగా జబ్బు సర్వీసులోనే వచ్చిందన్న ఆ ఊహ నిజాయితీగా చేరినవాడి కోసం పెట్టింది. చేరకముందే మందు వాడిన కాగితం ఎదుటి పక్షం తెచ్చి పెడితే అది నిలబడదు. ఇంకొకటి, ఎన్‌డీఏ క్యాడెట్ అప్పటికింకా కమిషన్ పొందలేదు. జబ్బుతో మధ్యలో బయటికి వస్తే ఆఫీసర్‌కు వచ్చే వైకల్య పెన్షన్ అతనికి రాదు, ఎక్స్‌గ్రేషియా మాత్రమే.

రెండో అటెంప్ట్:
అమెరికా అకాడమీల సైట్లలో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) మందు ఆపి 24 నెలలైతే చాలు అని ఉంది. 13వ పుట్టినరోజు తర్వాత ఆస్తమా లేకుంటే పర్వాలేదని కూడా ఉంది. మనకూ అట్లనేనా?

పాలమూరు జనరల్ మెడిసిన్:
కాదు. అవి అక్కడి రక్షణ శాఖ నిబంధనలు. డాడ్‌మెర్బ్ అనే సంస్థ పరీక్ష చేసి అనర్హుడంటే, అకాడమీ వేవర్ (మినహాయింపు) ఇచ్చే పద్ధతి వాళ్లకుంది. మనకు వేవర్ లేదు. ఉన్నది అప్పీలు, రివ్యూ. ఆ నెలల లెక్కలు ఇక్కడికి తెచ్చుకోవద్దు.

అచ్చంపేట అమ్మ:
మా దిక్కు కామెర్లు వస్తే పసరు తాగిస్తరు, దవాఖానకు పోనే పోరు. అది కూడ రాయాల్నా? ఆడపిల్లల గురించి కూడ చెప్పండి డాక్టర్ గారూ. పండుగలకు, పెండ్లిళ్లకు నెలసరి వాయిదా వేసే గోలీలు మింగుతరు కద.

పాలమూరు జనరల్ మెడిసిన్:
కామెర్లు అన్న ప్రశ్న నేరుగా ఉంది కాబట్టి రాయాల్సిందేనమ్మా. పసరా, గోలీలా అన్నది ముఖ్యం కాదు. ఎయిర్‌ఫోర్స్ ప్రమాణం ప్రకారం కామెర్లు పూర్తిగా తగ్గి కనీసం ఆరు నెలలు గడిచి, హెపటైటిస్ బీ, సీ రెండూ నెగెటివ్ ఉండి, లివర్ పరీక్షలు నార్మల్‌గా ఉంటే ఫిట్ చేయవచ్చు. కాబట్టి మెడికల్‌కు ముందే లివర్ పరీక్ష, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు (హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌సీవీ) చేయించి రిపోర్టు పెట్టుకుంటే "2021లో కామెర్లు, పూర్తిగా తగ్గినవి" అని ధైర్యంగా రాయవచ్చు. కొన్ని పసర్లే లివర్‌ను దెబ్బతీస్తాయి, ఆ భయం వేరే ఉంది.

వాయిదా గోలీ అంటే నోరెథిస్టెరాన్ 5 ఎంజీ, తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టి వాడేది. జబ్బుకు వాడింది కాదు, చరిత్రలో రాయక్కర్లేదు. కానీ చివరి నెలసరి తేదీ అడుగుతారు. ఈ గోలీ వల్ల తేదీ జరిగి ఉంటే ఆ మాట చెప్పాలి, లేకపోతే అనవసరపు అనుమానాలు. నెలసరి సరిగా రాక హార్మోన్ గోలీలు నెలల తరబడి వాడితే మాత్రం అది జబ్బు కిందికే వస్తుంది. పొత్తికడుపు స్కానింగ్ ఎట్లాగూ ఉంటుంది. 2022 నుంచి అమ్మాయిలు ఎన్‌డీఏలో చేరుతున్నారు, భువనగిరి సైనిక డిగ్రీ కాలేజీ పిల్లలు ఇతర ఎంట్రీలకూ పోతారు. వాళ్లందరికీ ఈ మాట పనికొస్తుంది.

మందుల షాపు, మిర్యాలగూడ:
మొటిమల గోలీ గురించి ఎవరూ చెప్పలేదు. ఐసోట్రెటినోయిన్. ముఖం మీద కొద్దిపాటి మొటిమలు అడ్డు కావు. గడ్డలు కట్టినవి, వీపు మీదికి పాకినవి, మచ్చలు ఉబ్బినవి అన్‌ఫిట్. ఈ గోలీ వాడుతూ మెడికల్‌కు పోతే లివర్ ఎంజైములు, కొవ్వు పెరిగి కనబడవచ్చు. గట్టిగా వ్యాయామం చేసేవాళ్లకు కండరాల నొప్పులు, సీపీకే (కండరాల ఎంజైము) పెరగడం కూడా ఉంది. ఎస్‌ఎస్‌బీ తేదీ దగ్గర పెట్టుకుని కొత్తగా మొదలుపెట్టడం తెలివి కాదు. చర్మ డాక్టర్‌తో మాట్లాడి కోర్సు ముందే ముగించాలి.

మెడికల్ వారంలో పాడుచేసేవి ఇంకా ఉన్నాయి. ఫినైల్‌ఎఫ్రిన్ ఉన్న జలుబు గోలీ బీపీ పెంచుతుంది. సాల్‌బుటమాల్ ఉన్న దగ్గు మందు నాడి పెంచుతుంది. నాడి 100 దాటి అట్లాగే నిలబడితే ప్రశ్నలు మొదలు. విటమిన్ సీ గోలీలు ఎక్కువైతే మూత్రం స్ట్రిప్పులో షుగర్, రక్తం తప్పుగా నెగెటివ్ చూపించవచ్చు. జిమ్ పిల్లల క్రియాటిన్ పొడి వల్ల కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ కొద్దిగా ఎక్కువ రావచ్చు. ముందురోజు పది కిలోమీటర్లు ఉరికితే మూత్రంలో ప్రోటీన్ పడవచ్చు. వేసుకుంటే వేసుకున్నానని చెప్పడమే మేలు. దాస్తే మిగిలేది ఎందుకు పెరిగిందో తెలియని ఒక అంకె.

దేవరకొండ పీడీ:
చాలా సంగతులు తెలిసినయ్. పాత కాగితాలు దొరకకుంటే ఎట్ల? ఫారంల ఏ తీరుగ రాయాలె? ఒక నమూనా చెప్పండి సార్.

లాయర్, నల్లగొండ:
మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు డాక్టర్ మూడేళ్లు ఉంచాలి, పేషెంట్ అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. సర్కారు పెద్దాస్పత్రి అయితే సూపరింటెండెంట్ పేర తెల్లకాగితం మీద అర్జీ పెట్టి, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, చేరిన తేదీ రాసి రికార్డు సెక్షన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. కదలకపోతే సమాచార హక్కు కింద వేయండి, దానికి గడువు 30 రోజులు. ఎస్‌ఎస్‌బీ కాల్ లెటర్ వచ్చాక మొదలుపెడితే అందదు. రాతపరీక్ష అవగానే తిరగడం మొదలుపెట్టాలి. పిల్లాడికి 18 నిండకపోతే అర్జీ మీద తండ్రో తల్లో సంతకం చేయాలి.

ఏఎంసీ రిటైర్డ్, తిరుమలగిరి:
రాసే తీరు: జబ్బు పేరు, వయసు లేదా సంవత్సరం, ఏం చికిత్స, ఎన్నాళ్లు, ఎప్పుడు ఆగింది, ఇప్పుడెలా ఉంది. ఒక్క వరుస చాలు. ఉదాహరణకు "జ్వరంతో ఫిట్స్, 2 ఏళ్ల వయసులో ఒకసారి, ఆ తర్వాత లేదు, ఇప్పుడు మందులు లేవు". "బైక్ ప్రమాదం, 2023, తలకు దెబ్బ, సీటీ నార్మల్, 2 రోజులు ఆస్పత్రిలో, ఫిట్స్ నివారణ మందు 7 రోజులు, ఫిట్స్ రాలేదు". ఫారం నింపేది ఇంగ్లిష్‌లోనో హిందీలోనో కాబట్టి జబ్బు పేర్ల స్పెల్లింగ్ ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని పొండి. "కొద్దిగా", "అప్పుడప్పుడు", "అనుకుంటా" వంటి మాటలు రాయొద్దు. తెలియనిది కల్పించొద్దు. తెలిసింది "లేదు" అని టిక్కు పెట్టొద్దు.

ఇంకోటి. ఒకచోట రాసింది, ఇంకోచోట చెప్పింది ఒకటే ఉండాలి. ఎన్‌డీఏలో ఒకటి, రెండేళ్ల తర్వాత వేరే ఎంట్రీలో ఇంకొకటి రాస్తే, పాత ఫారం ఎదురుగా పెట్టి అడుగుతారు.

అన్‌ఫిట్ అంటే అక్కడితో అయిపోదు. స్పెషల్ బోర్డు అయ్యాక 42 రోజుల్లోపు అప్పీల్ మెడికల్ బోర్డు పూర్తి కావాలి. అప్పటిలోపు బయట స్పెషలిస్టుకు చూపించి రిపోర్టులు తీసుకుపోవచ్చు. అప్పీల్లోనూ పోతే రివ్యూ బోర్డు కోసం ఒక్క రోజులో అర్జీ ఇవ్వాలి, కాపీ అప్పీల్ బోర్డు ప్రెసిడెంట్ చేతికి. ఇస్తారా లేదా అన్నది డీజీఏఎఫ్ఎంఎస్ (సైనిక వైద్య సేవల అధిపతి) ఇష్టం, హక్కు కాదు. జరిగేది ఢిల్లీలో లేదా పుణేలో. "జ్వరంతో వచ్చిన ఫిట్స్" అని మొదటి ఫారంలోనే రాసి ఉంటే అప్పీల్లో దాన్ని పట్టుకుని మాట్లాడవచ్చు. అక్కడ "ఏమీ లేదు" అని రాసి, ఇక్కడ కొత్తగా కార్డు తీస్తే ఎవరు నమ్ముతారు?

అచ్చంపేట అమ్మ:
డిశ్చార్జి కార్డు మీద బిడ్డ ఇంటి పేరుతో ముద్దుపేరు రాసిన్రు, ఆధార్‌ల వేరే ఉంది. చెల్లుతదా?

లాయర్, నల్లగొండ:
అట్లాగే తీసుకుపోతే అది ఎవరి కార్డని అడగొచ్చు. మొదట ఆస్పత్రి రికార్డు సెక్షన్‌లో జనన ధ్రువపత్రం, ఆధార్, టెన్త్ మెమో జిరాక్సులు పెట్టి సవరణ అడగండి. కార్డు మీదే కొట్టేసి దిద్దనివ్వొద్దు, వేరే లెటర్ హెడ్ మీద "ఈ ఐపీ నంబరు పేషెంట్, ఈ పేరు గల వ్యక్తి ఒకరే" అని రాయించి ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) సంతకం, ముద్ర వేయించండి. వాళ్లు ఇవ్వనంటే నోటరీ అఫిడవిట్, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ కార్డుతో సరిపోయేటట్టు. ఒరిజినల్ ఒకటి, జిరాక్సులు రెండు సెట్లు. ఒరిజినల్ బోర్డులో ఇచ్చి రావొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోండి.